మూడో కొలత

ఉదయం అయిదు గంటల అయిదు నిమిషాలకు పాలావిడ వచ్చింది. రోజూ వచ్చే వేళే. నేను చెంబు తీసుకొని గుమ్మంలోకి వెళ్లేసరికి మా సుగుణ అప్పటికే అక్కడ ఉంది. జడ వేసుకోవడం చేతకాక రిబ్బను చేతిలో పట్టుకొని నిలబడింది.

"రేపు పాలు వద్దు. ఊరికి పోతున్నాం," అన్నాను.

"యాడికి సారూ?"

"దొరవారిసత్రం."

"అమ్మగారి అక్కోళ్లింటికా," అంది. పాలు పోసి, చేతులు కడుక్కొని వచ్చి, సుగుణను మెట్టు మీద కూర్చోబెట్టి జడ అల్లి వెళ్లింది.

నేను బిట్రగుంట రైల్వే ఆసుపత్రిలో పదమూడేళ్లు కాంపౌండరుగా పనిచేశాను. మందు కలపడం, సీసాకు మోతాదు గుర్తులు కత్తిరించిన కాగితం అంటించి ఇవ్వడం నా పని. ఆ ఏడు మొదట్లో నా భార్య అలమేలు టైఫాయిడుతో చనిపోయింది. వేసవిలో, మలయాలో ఒక రబ్బరు తోటల ఆసుపత్రికి కాంపౌండరు కావాలని తెలిసి అర్జీ పెట్టాను. ఎందుకని అడిగిన వాళ్లకు జీతం ఎక్కువని చెప్పాను. ఉద్యోగం వచ్చింది. మలయాకు స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి రెండేళ్లు. డిసెంబరు మధ్యలో మద్రాసులో ఓడ ఎక్కాలి.

అన్నిటికన్నా చిక్కు పెట్టింది సుగుణ చదువు. దానికి ఏడేళ్లు. తోటల దగ్గరి పట్నంలో ఒక ప్రైవేటు బడి ఉందని, కంపెనీ ఉద్యోగుల పిల్లలు అక్కడే చదువుతారని రాశారు. బడి నడిపేది ఒక ఇంగ్లీషు దొరసాని. అక్కడ బెత్తం లేదు. తరగతికి పన్నెండు మందికన్నా ఎక్కువ ఉండరు. ఏ పని ముందు చేయాలో పిల్లలే ఎంచుకుంటారు. సగం పూట ఇంగ్లీషులోనూ, సగం పూట పిల్ల ఇంటి భాషలోనూ చదువు. తెలుగుకు ఒక పంతులమ్మ, అరవానికి ఒక పంతులమ్మ ఉన్నారు. ఏ భాషో ముందే రాసి పంపాలి. ఏడాది మధ్యలో మార్చడం కుదరదు.

మా ఇంట్లో రెండు భాషలూ ఉండేవి. అలమేలు వాళ్లది మా కులమే కాని, తరాలుగా ఇంట్లో అరవం. నాతో తెలుగు మాట్లాడేది, కూతురితో అరవం మాట్లాడేది. నాకు వింటే చాలావరకు అర్థమవుతుంది. మాట్లాడితే నవ్వుతారు. చదవడం అసలు రాదు. అలమేలు పోయాక మా ఇంట్లో అరవం వినిపించలేదు.

ఫారంతో పాటు దొరసాని ఒక ఉత్తరం జతచేసింది. అందులో ఒక పేరా నన్ను చాలా రోజులు తికమక పెట్టింది. దాని సారం ఇది: "ఏ భాష కావాలని పిల్లను అడగవద్దు. అడిగితే పెద్దలకు నచ్చేదే చెబుతారు. రెండు రోజులు మామూలు పనుల్లో ఉండగా గమనించండి. ఎవరూ వినడం లేదనుకున్నప్పుడు పిల్ల ఏ భాషలో మాట్లాడుతుందో, అది రాయండి."

మా డాక్టరుగారికి చూపించాను. "ఇంగ్లీషు ఎలాగూ చెబుతారు. రెండోది ఏదైతేనేం?" అన్నారు. ఆయన చెప్పింది నిజమే అనిపించింది. ఇంటికి వచ్చాక అనిపించలేదు.

లెక్కలు ఎంతవరకు వచ్చో ఒక టీచరు చేత రాయించి పంపమన్నారు. మా కాలనీలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పే ఆంగ్లో ఇండియన్ ఆవిడ ఒకరు ఉండేవారు. ఆవిడ ఒక బేసిను బియ్యం, ఒక టీ కప్పు సుగుణ ముందు పెట్టి, ఎన్ని కప్పులు ఉన్నాయో కొలిచి చెప్పమంది. నేను పక్కనే కూర్చున్నాను. సుగుణ బాసిపట్టు వేసుకొని, "లాభం, రెండు, మూడు, నాలుగు," అంటూ పదకొండు దాకా కొలిచింది. మన వైపు గింజలు కొలిచేటప్పుడు మొదటి కొలతను ఎవరూ ఒకటి అనరు, లాభం అంటారు. ఒకటి అంటే ఒకటితోనే ఆగిపోతుందని పెద్దల భయం కాబోలు. సుగుణకు బియ్యంతో వేరే రకం లెక్క ఉంటుందని తెలియదు. ఆవిడ రాసిచ్చిన చీటీలో ఇలా ఉంది: "ఈ పిల్లకు ఒకటి రాదు. రెండు నుంచి చాలా బాగా వచ్చు." దాన్ని దిద్దమని అడగడానికి మొహమాటపడి అలాగే ఫారానికి గుచ్చాను.

దొరసాని చెప్పిన రెండు రోజులను అలమేలు అక్కగారి ఊళ్లో గడపాలని అనుకున్నాను. అక్కడ అరవమే ఇంటి భాష. అక్కడికి వెళితే ఏదో ఒకటి తేలుతుందని నా ఆశ. చిన్న నోటుపుస్తకం, పెన్సిలు జేబులో పెట్టుకున్నాను.

ఆరు గంటల పది నిమిషాలకు మద్రాసు వైపు వెళ్లే పాసింజరు. మూడో తరగతికి నాకు ఒక టిక్కెట్టు, సుగుణకు అర టిక్కెట్టు తీసుకున్నాను. బిట్రగుంటలో ఇంజను మారుస్తారు కాబట్టి బండి ఆలస్యంగా కదిలినా ఎవరూ ఆశ్చర్యపోరు. ఆ రోజు ఇరవై నిమిషాలు ఆలస్యం. కిటికీ పక్క చోటు దొరికింది. ఇంజను మసి కళ్లలో పడుతుంది కాబట్టి పిల్లలతో వెళ్లేవారు బండి పోయే వైపుకు వీపు పెట్టి కూర్చోవడం మంచిది.

మా ఎదుట ఒక రైతు కూర్చున్నాడు. గూడూరులో వియ్యంకుడి ఇంటికి పోతున్నాడట. కాళ్ల దగ్గర గంపలో రెండు పుంజులు. ముందు పుంజులను చూపించి సుగుణను మాటల్లోకి దించాలని చూశాడు.

"పేరేంది అమ్మణ్ణీ?"

"సుగుణ."

"అమ్మ రాలేదా?"

సుగుణ కిటికీలోంచి బయటికి చూసింది. "లేదు," అన్నాను నేను. ఆయనకు అర్థమైంది. మూటలోంచి జామకాయ తీసి, సగం కొరికి సగం ఇవ్వబోయి, మళ్లీ ఆలోచించి కొత్తది తీసి ఇచ్చాడు.

పిల్ల బడి సంగతి నేనెందుకు చెప్పానో తెలియదు. ముక్కూ మొహం తెలియని వాళ్లకు చెప్పడం తేలిక. ఆయన అంతా విని తొడ చరిచాడు.

"పిలకాయల ఇష్టం చూసి బడిలో ఏసే దేశం యాడుందయ్యా సామీ! మావోడి ఇష్టం చూస్తే గేదె మీదనే కాపరం పెట్టాల."

"అడగొద్దన్నారు. కనిపెట్టి చూడమన్నారు."

"దాంట్లో కనిపెట్టేదేముండాది? పిలకాయకి దప్పికైతే ఏ మాటలో అడుగుతాదో అదే దాని బాస. దీనికి దొరసాని రావాల్నా?"

ఆయన ఊరికే అన్న మాటే. కాని ఆ తర్వాత నెల్లూరు దాకా నాకు మాట రాలేదు. పెన్నా వంతెన మీద పుంజు ఒకటి కూసింది. సుగుణ నవ్వింది. నోటుపుస్తకంలో ఇలా రాశాను: "7.35. కోడి కూసింది నాన్నా, అంది. తెలుగు."

నెల్లూరు స్టేషనులో ఇడ్లీలు ఆకుల్లో ఇస్తారు. చట్నీ పలచన. కాఫీ బాగుంటుంది. గూడూరుకు తొమ్మిదింబావుకు చేరాం. అక్కడ ఇంజను నీళ్లు పట్టుకోవడానికి అరగంట పైనే ఆగుతుంది. రైతు దిగుతూ సుగుణ తల నిమిరి, "బాగా చదువుకో. ఏ బాసైనా తిట్లు ముందు నేర్చుకో, పనికొస్తాయి," అని నవ్వించి పోయాడు.

ప్లాటుఫారం మీద వేయించిన శనక్కాయలు అమ్మే ఒక పెద్దావిడ దగ్గర రెండు కొలతలు తీసుకున్నాం. చిన్న రేకు డబ్బాతో కొలిచింది. "లాభం," అని మొదటిది పోసింది. "రెండు," అని రెండోది పోసింది. సుగుణ ఆవిడ చేతినే చూస్తోంది. ఆవిడ తెలుగావిడో అరవావిడో నేను తెలుసుకోలేకపోయాను. లాభం, రెండు అనే మాటలు ఈ రెండు భాషల్లోనూ ఒకటే. మూడో కొలత తీసుకొని ఉంటే తెలిసేది.

దొరవారిసత్రంలో పదకొండు దాటాక దిగాం. చిన్న స్టేషను. నీళ్లు ఇక్కడే పట్టుకోవాలి, ముందు దారిలో మంచినీళ్లు ఉండవు. బయట మునెయ్య ఎద్దుల బండి కట్టుకొని ఉన్నాడు. మా వదిన, అంటే అలమేలు అక్క, పంపింది. సరస్సు అంచున ఉన్న పల్లెకు రెండు గంటలకు పైగా పడుతుంది. వర్షాలకు దారిలో మూడు చోట్ల చక్రం సగం దాకా బురద. నాట్ల కాలం. పొలాల్లో ఆడవాళ్లు వరసగా వంగి ఉన్నారు.

మునెయ్య రెండు భాషలూ కలిపి మాట్లాడే మనిషి. ఎద్దుల్ని తెలుగులో తోలి, అరవంలో తిట్టేవాడు. సుగుణకు అతను ఊహ తెలిసినప్పటి నుంచి తెలుసు. అరవంలోనే పలకరించాడు. బాగున్నావా, ఎంత పొడుగైనావు అని. సుగుణ నా వైపు ఒకసారి చూసి, "బాగున్నాను," అంది. మళ్లీ అరవంలోనే ఏదో అడిగాడు. మళ్లీ తెలుగులోనే జవాబు చెప్పింది.

"ఏం సారూ, పాప మనల్ని మర్చిపోయినాది?" అన్నాడు మునెయ్య.

"చిన్నపిల్ల గదా," అన్నాను.

"12.40. అరవంలో అడిగితే తెలుగులో జవాబు. రెండు సార్లు," అని రాసుకున్నాను. నా పని తేలిక అవుతోందని అనిపించాలి. అనిపించలేదు. ఎందుకో నాకే తెలియలేదు.

చెరువు గట్టు దగ్గర చెట్ల మీద గూడబాతులు ఉన్నాయి. శీతాకాలంలో ఏటా వస్తాయి. అలమేలు అయితే బండి ఆపించేది. మునెయ్య అలవాటు కొద్దీ ఆపాడు. కొంచెంసేపు చూసి ముందుకు సాగాం.

ఒంటిగంటన్నరకు ఇల్లు చేరాం. మా వదిన గుమ్మంలోనే ఉంది. అలమేలుకన్నా ఎనిమిదేళ్లు పెద్ద. వదిన భర్త సూళ్లూరుపేటకు పనిమీద వెళ్లారు. ఇంట్లో ఆమె ఒక్కతే. సుగుణను దగ్గరికి తీసుకొని అరవంలో చాలాసేపు ఏదేదో అంది. సుగుణ ఆమె భుజం మీద తల పెట్టుకుంది. తర్వాత, "పెద్దమ్మా, కాళ్లు కడుక్కుంటాను," అంది తెలుగులో. ఎప్పుడూ అరవంలో పెరియమ్మా అని పిలిచేది. వదిన నా మొహం చూసింది.

మడవ చేపల పులుసు, అన్నం. సరస్సు చేప కాబట్టి ముళ్లు చూసుకొని తినాలి. సుగుణ తిని నిద్రపోయాక వదిన ఎదుట ఫారం, ఉత్తరం పెట్టి చదివి చెప్పాను. ఆమె చాటలో బియ్యం ఏరుతూ వింది. అరవమే చెప్పించమని పట్టుబడుతుందని నేను అనుకున్నాను. దానికి జవాబులు కూడా దారిలో సిద్ధం చేసుకున్నాను.

"తెలుగే రాయి," అంది వదిన.

"నువ్వు అరవం చెప్పించమంటావనుకున్నా వదినా."

"నేనెందుకంటా? ఆ దేశంలో పిల్లకి జ్వరమొస్తే ఎవరికి చెప్పుకోవాల? నాకా? సముద్రం దాటి నాకు ఇనపడతాదా? నువ్వేగా చూసుకోవాల్సింది. తొమ్మిదేళ్లు మా చెల్లెలితో కాపరం చేసినావు. మా మాట నాలుగు ముక్కలు చేతనైందా నీకు? అది పుస్తకం తెచ్చి నాయనా ఇదేందని అడిగితే బెల్లంకొట్టిన రాయి మాదిరి నిలబడతావు."

"అయితే అరవం పోతుంది గదా."

"పోనీ. మనిషే పొయ్యింది," అంది. మళ్లీ బియ్యంలోకి వంగింది. తర్వాత తల ఎత్తకుండానే అడిగింది.

"అవునబ్బయా, ఆ పిల్ల నాతో తెలుగెందుకు మాట్లాడతా ఉండాది? నువ్వేమన్నా అన్నావా?"

"లేదు," అన్నాను.

అది నిజం కాదు. అలమేలు కర్మలు ముగిసిన మర్నాడు, పొద్దున ఎనిమిది గంటలప్పుడు, నేను వంటింట్లో కూర్చొని ఉన్నాను. సుగుణ వచ్చి "అప్పా, తణ్ణి," అంది. నీళ్లు అడిగింది. ఆ మాట పలికిన తీరు అచ్చం వాళ్ల అమ్మది. గొంతు కూడా. నేను కుండ దగ్గరే ఉన్నాను. లేచి ఇవ్వడానికి ఒక నిమిషం కూడా పట్టదు. "తెలుగులో అడుగు," అన్నాను. కోప్పడలేదు. మెల్లగానే అన్నాను. సుగుణ నా మొహం చూసి, "నాన్నా, నీళ్లు," అంది. ఇచ్చాను. తాగి గ్లాసు బోర్లించి పోయింది. ఆ తర్వాత నాకు దాని నోట అరవం వినిపించలేదు. అప్పా అన్న పిలుపు కూడా. పిల్ల మర్చిపోయిందని పది నెలలుగా నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

సాయంత్రం దాకా గమనించాను. దూడతో తెలుగు. పక్కింటి అరవం పిల్లతో గవ్వలాడుతూ తెలుగు. ఆ పిల్ల అరవంలో, సుగుణ తెలుగులో మాట్లాడుకుంటూ ఆట బాగానే సాగించారు. నేను అరుగు మీద పుస్తకం పట్టుకొని కూర్చున్నాను. చూసినప్పుడల్లా సుగుణ కూడా నన్ను చూస్తోంది. పెన్సిలుతో ఫారంలో "తెలుగు" అని రాశాను. వదిన చెప్పింది సబబుగానే ఉంది. డాక్టరుగారు చెప్పింది సబబుగానే ఉంది. నోటుపుస్తకంలో అన్ని రాతలూ ఒకవైపే ఉన్నాయి. అయినా ఇంకు పెన్ను తీయలేకపోయాను.

మర్నాడు ఏడు గంటలకు గడ్డం గీసుకుంటున్నాను. వేడినీళ్లు చల్లారాయి. వంటింట్లోకి వెళ్లాను. నాట్లకు వచ్చే ఆడవాళ్లకు మధ్యాహ్నం ఆ ఇంట్లోనే అన్నం. వదిన పెరట్లో పాలు పితుకుతూ, అయిదు మానికెలు బియ్యం కొలిచి పెట్టమని సుగుణకు చెప్పినట్టుంది. వంటింటి పక్కన కొట్టుగది. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల ఇత్తడి మానిక బియ్యంలోకి దిగే చప్పుడు వినిపించింది.

"లాభం," అంది సుగుణ.

చాటలో బియ్యం పడ్డాయి.

"రెండు."

నేను అక్కడే ఆగిపోయాను. చేతిలో చెంబు, సగం మొహాన సబ్బు. ఇంత చిన్న విషయానికి ఊపిరి బిగపట్టానని ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

"మూణు," అంది సుగుణ. "నాలు. అంజు."

అరవం. తడుముకోలేదు. తర్వాత ఇంకొకటి చేసింది. అలమేలు బియ్యం కొలిచాక, కొలిచిన దాంట్లోంచి ఒక పిడికెడు తీసి మళ్లీ కుండలో వేసేది. వేస్తూ, "ఇరుక్కట్టుం," అనేది. ఉండనీ అని. రోజూ చేసేది. నేను ఎప్పుడూ పట్టించుకోలేదు. లోపల సుగుణ పిడికెడు వెనక్కి వేసి, "ఇరుక్కట్టుం," అంది. వాళ్ల అమ్మ అన్నంత మెల్లగా, ఎవరికీ చెప్పనట్టు.

నా నీడ తలుపు సందులోంచి లోపల పడింది. సుగుణ తల ఎత్తింది. నన్ను చూసింది. చాటలో బియ్యం అంతా మళ్లీ కుండలో పోసేసింది. తప్పు కొలిచినట్టు. మానిక తీసుకొని మొదటి నుంచి కొలవడం మొదలుపెట్టింది.

"లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు."

ఈసారి పిడికెడు వెనక్కి వేయలేదు. చాట రెండు చేతులా ఎత్తి, "సరిగ్గా కొలిచాను నాన్నా," అంది.

"సరే అమ్మా," అన్నాను. వేడినీళ్లు తీసుకోకుండానే బయటికి వచ్చి మిగతా గడ్డం చన్నీళ్లతో గీసుకున్నాను.

వదిన పాలచెంబుతో నా దగ్గరికి వచ్చింది. పెరటి తలుపు దగ్గర నిలబడి ఆమె కూడా విన్నదని మొహం చూస్తే తెలిసింది.

"నిన్న అబద్ధం చెప్పినావు నాకు," అంది.

నీళ్ల సంగతి చెప్పాను. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నీళ్లకా?" అంది. "గుక్కెడు నీళ్లకా అబ్బయా?" లోపలికి రెండడుగులు వేసి మళ్లీ ఆగింది. "ఇప్పుడేం రాస్తావు?"

"తెలియడం లేదు. రేపటి టపాలో పోవాలి."

"నేను నిన్న చెప్పింది పట్టించుకోబాక. నాకూ తెలీదు," అంది.

దొరసాని ఉత్తరం మళ్లీ చదివాను. ఎవరూ వినడం లేదనుకున్నప్పుడు ఏ భాష అని అడిగింది. దానికి జవాబు దొరికింది. నేను చదవలేని భాషలో కూతురిని చదివించడం న్యాయమా అని ఆమె అడగలేదు. పరాయి దేశంలో తండ్రీ కూతుళ్లు ఇద్దరే ఉండబోతూ రెండు వేరు పుస్తకాలు పట్టుకొని కూర్చోవడం ఏమిటి? తెలుగు పెడితే, సుగుణ ఎవరూ లేని గదుల్లోనే వాళ్ల అమ్మ మాట మాట్లాడుకుంటుంది. ఎన్నాళ్లు? ఏది రాసినా తప్పే అనిపించింది.

పదకొండు గంటలకు బండి కట్టారు. వదిన సుగుణ చేతిలో ఒక చిన్న మూట పెట్టింది. అందులో అలమేలు చిన్నప్పటి గవ్వలు ఉన్నాయి. నాతో, "ఉత్తరం రాయి. పిల్ల చేత రాయించు. ఏ బాసైనా సరే, పంతులు చేత చదివించుకుంటా," అంది.

తిరుగుబండి రెండు గంటల పది నిమిషాలకు. నాలుగు కాకముందే గూడూరు. అదే శనక్కాయల ఆవిడ. ఈసారి నాలుగు కొలతలు అడిగాను. "లాభం, రెండు, మూడు, నాలుగు," అంది ఆవిడ. తెలుగావిడే. నాకెందుకో నవ్వొచ్చింది.

బండి కదిలాక తువ్వాలు మా ఇద్దరి మధ్య పరిచి శనక్కాయలు పోశాను. ఒక్కొక్కటే తీసి సుగుణ వైపు పెడుతూ లెక్కపెట్టాను.

"లాభం. రెండు. మూణు."

సుగుణ కిటికీలోంచి చూపు తిప్పింది. నా మొహంలోకి చూసింది. నేను శనక్కాయల వైపే చూస్తూ, "నాలుగు," అన్నాను.

సుగుణ మళ్లీ కిటికీ వైపు తిరిగి, "నాలు," అంది.

"ఏమిటీ?"

"నాలుగు కాదు. నాలు."

"నాలు. అంజు. ఆరు. ఏడు."

"ఏడు కాదు నాన్నా, ఏళు." ఆ చివరి అక్షరం నాకు పలకలేదు. సుగుణ నాలుక ఎక్కడ పెట్టాలో నోరు తెరిచి చూపించింది. నేను మళ్లీ తప్పు పలికాను. మూడోసారి కూడా తప్పే. పక్క బెంచీ మీద కళ్లజోడాయన పేపరు దించి చూశారు.

"అరవం నేర్చుకుంటున్నారా?"

"అవునండీ."

"ఎవరు చెబుతున్నారు?"

"మా అమ్మాయి."

"నాన్నకి రాదు," అంది సుగుణ ఆయనతో. "మళ్లీ మళ్లీ చెప్పాల."

నెల్లూరు దాటాక సుగుణ నా ఒళ్లో నిద్రపోయింది. తొక్కలు కిటికీలోంచి పారేసి, ఫారం తీసి, పెన్సిలుతో రాసిన మాట రబ్బరుతో చెరిపాను. ఆరున్నరకు బిట్రగుంటలో దిగాం. స్టేషనులో ఉండే రైల్వే టపా ఆఫీసు అప్పటికింకా తెరిచి ఉంది. అక్కడి బల్ల మీద ఇంకుతో "అరవం" అని రాశాను. ఇంకేమైనా చెప్పదలచుకుంటే అని కింద ఒక గడి ఉంది. అందులో, "తండ్రికి ఈ భాష చదవడం రాదు," అని రాశాను. కవరు అంటించి డబ్బాలో వేశాక, చేయి కొంచెంసేపు డబ్బా లోపలే ఉండిపోయింది.

పిల్లలతో మలయా వెళ్లేవారికి నేను చెప్పగలిగింది తక్కువ. మశూచి, కలరా టీకాల పుస్తకం పిల్లలకు వేరుగా రాయించుకోవాలి. ఓడలో అన్నం దొరుకుతుంది, ఊరగాయ మనదే తీసుకెళ్లాలి. బడి సంగతి మాత్రం ఎవరికీ సలహా ఇవ్వలేను. దొరసాని చెప్పినట్టే చేశాను. ఆమె అడిగిన ప్రశ్నకు నిజమే రాశాను. అది సరైన జవాబో కాదో ఈ రోజుకీ తెలియదు.

ఇక్కడికి వచ్చి రెండేళ్లు కావస్తోంది. సుగుణ బడికి ఇష్టంగానే పోతుంది. అరవం పుస్తకాలు చదువుతుంది. అర్థం నాకు చెబుతుంది, నేను సగం నమ్ముతాను. పోయిన వానల్లో దానికి జ్వరం వచ్చింది. మూడు రోజులు అరవంలోనే మాట్లాడింది. నాకు సగమే అర్థమైంది. ఆ సగంతోనే మందు ఇచ్చాను, వాళ్ల పెద్దమ్మ అడిగిన మాట గుర్తుకొస్తూనే ఉంది. జ్వరం తగ్గాక నాతో మళ్లీ తెలుగే. అప్పా అని ఇంకా పిలవలేదు. మా ఇంట్లో ఇప్పుడు "తెలుగులో అడుగు" అని ఎవరూ అనరు.